మబ్బు, కొండ, గేదె

“అది మబ్బా, గేదెనా?” తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చిన అక్క బల్ల మీదికి వంగి అడిగింది.

“కొండ,” అన్నాడు తమ్ముడు గంభీరంగా.

పావుగంట క్రితం వరకూ అది మబ్బే. పలుచని నీలి వాటర్ కలర్‌తో ఆకాశం పరిచాడు. అద్దంలా వెలుతురును పోనిచ్చే ఆ రంగు మీద, గోడలా అడ్డం నిలిచే తెల్లని గ్వాష్ అనే చిక్కటి రంగు పెడితే మబ్బు మెరిసిపోవాలి. తడి ఆరేదాకా ఆగే ఓపిక ఆ ఆత్రగాడికి ఏది? కుంచె పెట్టాడు, దిద్దాడు, దిద్దినదాన్నే మళ్ళీ దిద్దాడు. అడుగునున్న నీలమంతా తెలుపులోకి ఎగబాకింది. మబ్బుకు జ్వరం తగిలినట్టయింది. కప్పిపుచ్చడానికి గోధుమరంగు పులిమి, కొండ అనుకున్నాడు. కొండకు తోక మొలిచింది.

“నా హెయిర్ డ్రయ్యర్ ఏదిరా?”

“ఆకాశం ఆరబెడుతున్నాను.”

“ఇవాళైనా తిన్నగా వస్తుందా?”

“రాకపోతే ఆ బొమ్మల క్లాసు గడప తొక్కనివ్వరక్కా! పోయిన వారం నా పడవను చూసి చెప్పు అనుకున్నారు. ఏ కాలిదని ఒకాయన అడిగాడు కూడా.”

“ఏం చెప్పావు?”

“ఎడమ కాలిదన్నాను.”

అక్క పగలబడి నవ్వింది. వాడి ముఖం చూసి, నవ్వును తువ్వాలులో దాచుకుంది.

“పోనీ, రంగులు రెండూ కలపడం ఇంకా చేతకాలేదని నిజం చెప్పెయ్యరాదూ?”

“అందరి ముందా? నోరు పెగలదు.”

“గేదెను కొండ అని బుకాయించడానికి పెగిలిందిగా!”

ఇంకో బొమ్మకు వ్యవధి లేదు. ఆరీ ఆరని కాగితాన్ని చొక్కాకు అంటకుండా పట్టుకొని బస్సెక్కాడు. పక్కసీటు పెద్దమనిషి, “గేదె బాగా కుదిరింది,” అని మెచ్చుకుంటే, కాదనే ధైర్యం చాలక, “థాంక్సండీ,” అన్నాడు.

క్లాసు తలుపు ముందు ఆగి, కాగితాన్ని వెనక దాచబోయి మానుకున్నాడు. ఎలాగైతేనేం, అక్క చెప్పిన నిజాన్నే పెదవుల చివర కూర్చోబెట్టుకొని, తలుపు తోశాడు.

“గుడ్ మార్నింగ్ మాస్టారూ!” అంటూ క్లాసంతా లేచి నిలబడింది.