దండకు తగిన ఫోటో

“దండేస్తే ఏది బాగుంటాది? ఇదా, మురుగమల్ల దర్గా దగ్గర తీసిందా?” ఆంజనేయప్ప రెండు ఫోటోలు భార్య ముందు పెట్టాడు.

అంబిక ఆ ఫోటోలను పక్కకు నెట్టేసింది. కన్నడ సీరియల్లో అతను వేసే తండ్రి పాత్రను చంపేశారు. గోడకు తగిలించడానికి ఫోటో పంపమని బెంగళూరు నుంచి పొద్దున ఫోన్ వచ్చింది.

“బతికుండే మనిషి పటానికి దండేందప్పా? మిట్టేమరిలో మాయమ్మ దినామూ చూస్తాది ఆ సీరియలు. నా తాళన్నా గుర్తుకు రాలేదా?”

“ఎనిమిదేండ్లు హీరో వెనకాల నిలబడితిని. ఇంక దినామూ హీరోయిన్ నా పటం ముందర ఏడుస్తాది. అంతా క్లోజప్పే!”

ఆ రెండు ఫోటోలూ నచ్చక, గోడమీది పెళ్లి ఫోటో దించాడు. పటం విప్పి, కత్తెర తెచ్చి, ఫోటోలో తన పక్కనున్న అంబికను నిలువునా కత్తిరించేశాడు. వెంటనే బెంగళూరుకు ఫోన్ చేసి, నవ్వుతూ ఇటు తిరిగాడు.

“ఒక చెయ్యి తెగినా పర్వాలేదంట. దండ కప్పేస్తాదంట!”

అంబిక నేలమీది తన సగాన్ని తీసుకుంది. తన భుజం మీద ఆయన చెయ్యి, మణికట్టు దాకా, ఇంకా అట్లాగే ఉంది. ఇంతసేపూ తాళి కోసం భయపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

కూర్చుని, ఆ చేతిని గోటితో గీకడం మొదలుపెట్టింది.