టేపులో పాఠం

సూర్యాపేటలో టేపురికార్డర్లు బాగుచేసే అతను, రిపేరు కుదిరిందో లేదో చూడటానికి లోపలున్న క్యాసెట్‌నే గట్టిగా పెట్టాడు. బజారంతా అనసూయ టీచర్ గొంతు వినిపించింది. "ఏడో తరగతి సాంఘికం, మూడో పాఠం. అర్థం కాకుంటే మళ్లీ చెప్త బంగారూ, భయపడకు."

తన టేపురికార్డర్ తీసుకోవడానికి వచ్చిన అనసూయ గబుక్కున మీట నొక్కి ఆపేసింది.

పక్కనే దామోదర్ సార్ ఉన్నాడు. ఆమె బడిలోనే లెక్కలు చెబుతాడు. "ఏంది టీచర్ అది?" అన్నాడు.

"రేడియో పోటీకి సార్," అంది తల దించుకుని. తన కూతురికి పన్నెండేళ్లు వచ్చినా అక్షరాలు కూడబలుక్కోవడం రాదని, పాఠాలన్నీ వినే నేర్చుకుంటుందని బడిలో ఎవరికీ తెలియనివ్వలేదు.

ఆమె బస్టాండుకు నడిచింది. సార్ వెనకే వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాడు.

"పోటీకి పంపేదాంట్ల బంగారూ అనరు గద టీచర్. నాకు జర కాపీ చేసిస్తరా? మా చిన్నోనికి గూడ చదువుదామంటే అక్షరాలు కుదురుగ నిలవవంట. మొద్దోడనుకొని బాగ కొట్టిన. ఎవరికన్న చెప్పుకోవాలంటే సిగ్గయితది."

"చేసిస్త సార్. అది మా పాప కోసమే చదివిన," అంది అనసూయ.

కూతురిని తను ఒక్క దెబ్బయినా కొట్టలేదని ఇన్నాళ్లూ తృప్తిగా ఉండేది. కానీ వాకిట్లో ఎవరి అడుగు వినిపించినా, ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే టేపు ఆపి మంచం కిందికి నెట్టేస్తుంది.