విల్లు దించిన మర్యాద

“మా ఆయన ఎప్పుడు లొంగిపోనాడన్నా?” బుదారి, పాతపట్నం సంత నుంచి తెచ్చిన పేపరును కానిస్టేబుల్ నరసింగరావు ముందు పరిచింది.

గూడెంలో పోలీసులు పెట్టిన మందుల శిబిరంలో తీసిన ఫొటో అది. ఎస్సై ఎదుట విల్లు నేల మీద పెడుతున్నాడు ఆమె భర్త. కింద ‘లొంగిపోయిన నక్సలైటు’ అని అచ్చు వేశారు.

“నాకేటి తెల్సమ్మా? అంతా ఎస్సైగారే.”

“సుట్టమొస్తే మా గూడెపోళ్లు విల్లు కింద పెట్టి దండమెడతారని ఎస్సైగారికెవులు సెప్పినారు?”

నరసింగరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ మర్యాద సంగతి ఆమె అన్నం వడ్డిస్తూ చెప్పింది అతనొక్కడికే.

“పాపకి జొరమన్నావని మాత్రలు తెచ్చినాను” అన్నాడు.

ఒళ్లు కాలిపోతున్న పాపను బుదారి కొంగు కింద దాచుకుంది. “ఇయి మింగితే రేపు దీన్ని కూడా లొంగిపోనాదని పేపర్లో ఏసేస్తారేటి, సారూ?”