ముప్పై ఏడో పిట్ట

చౌడప్ప బటన్ మీంచి వేలు తీసేలోగా రీలంతా అయిపోయింది. కరెంటు తీగ మీద వాలడానికి వస్తున్న పాలపిట్టను కొత్త కెమెరా టకటకా ముప్పై ఆరు ఫోటోలు తీసేసింది.

కడిగించి తెచ్చిన ఫోటోలను మగ్గం ముందు కూర్చున్న భార్య పార్వతి ఒక్కొక్కటే చూసింది.

"నా చీరను ఫోటో తీయమని రీలు కొనిస్తే, ఒకే పిట్టను ఇన్నిసార్లు తీసినావా? పోనీ అదన్నా వాలిందా?"

"వాలేలోగా రీలు అయిపాయె."

"ఈడ పెట్టి పో."

నెల తర్వాత పార్వతి కొత్త చీర పరిచింది. అంచు పొడవునా అదే పాలపిట్ట, బుటా బుటాకూ కొంచెం కొంచెంగా రెక్కలు ముడుస్తోంది. చౌడప్ప లెక్కపెట్టాడు. ముప్పై ఏడు.

చివరి పిట్ట జరీ తీగ మీద కూర్చుని ఉంది.

"ఎంతసేపని గాల్లో ఉంటాది పాపం? నేనే దింపినాను."