గోరింక తేల్చని పాట

జామతోటలో చిత్రాంగి అనే గోరింక ఎవరి పాటైనా అచ్చం వాళ్లలాగే పాడేది. "ఏ పాటైనా ఇవ్వండి. అది ఎక్కడైనా ఆగుతుందో, ఎప్పటికీ ఆగదో పాడి చూసి చెప్పేస్తా. చెప్పలేకపోతే ఈ కొమ్మమీది పండ్లన్నీ మీవే!" అని గొప్పలు చెప్పుకునేది.

ఆ పండ్లమీద కన్నేసిన బుడిగి అనే ఉడత ఒక పాట తెచ్చింది. దాని చివరి మాట, "మళ్లీ మొదలెట్టు."

గోరింక హుషారుగా అందుకుంది. పొద్దు నడినెత్తికొచ్చింది, గొంతు బొంగురుపోయింది, పాట మాత్రం తెమల్లేదు.

"ఏం వదినా, ఆగుతుందా?" అంది బుడిగి.

"ఇంకా ఆగలేదు."

"అయితే ఆగదన్నమాట!"

"అలా ఎలా అంటానే? ఈసారి ఆగిందంటే నా పరువేం కాను? ఉండు, ఇంకొక్కసారి పాడి చెబుతా."

"తొందరేం లేదు వదినా, నింపాదిగా పాడు," అంటూ బుడిగి ఆ కొమ్మమీది రెండో పండు కొరికింది.