పిట్టల మనసెరిగినవాడు

"ఒక్క కిటికీ కూడా లేదేంటి బాబూ!" టార్చి వెలుగులో గోడలు తడుముతూ నోరు తెరిచాడు హాజీ బస్రాన్.

"పిట్టలకి చీకటే ఇష్టం హాజీగారూ," అన్నాడు రుస్దీ గర్వంగా. "ఆర్కిటెక్టు చదువు ముగించిన ఏడాదే కట్టాను. నా చేతి మొదటి కట్టడం ఇదే."

సంపిత్ ఊళ్లో పిట్టల మేడలకి కొదవలేదు. పిట్టలొచ్చి ఉమ్మితో గూళ్లు పెడితే చాలు, సూపు కాచుకోవడానికి చైనావాళ్లు ఆ గూళ్లని బంగారంలా కొనుక్కుపోతారు. కానీ ఎన్ని మేడలున్నా పిట్టలు ఎగబడేది రుస్దీ కట్టినవాటికే. అందుకే హాజీ ఉన్న ఒక్క రబ్బరు తోటా అమ్ముకుని ఇతగాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. పిట్టలు రాకపోతే ఇక ఆయన గతి అధోగతే.

"ఈ చెమ్మ ఎలా తెప్పించావయ్యా? గోడలు ఊటబావిలా ఉన్నాయి!"

"ఈ పిట్టలుండే కొండగుహల్లో కూర్చుని నేర్చుకున్నానండీ. ప్రకృతే నా గురువు."

"గుహలట, గుహలు!" వెనక నిలబడ్డ రుస్దీ భార్య మస్నా మూతి తిప్పింది. "బల్లి కనబడితే మంచమెక్కే మనిషి. ఈ చెమ్మకి పట్టుకున్న కీళ్లనొప్పులు నన్నింకా వదల్లేదు."

మొగుడి తపస్సులో ఈ ఇల్లాలు ఎన్ని పాట్లు పడిందో పాపం, అనుకున్నాడు హాజీ. ఆయన కళ్లు చెమర్చాయి.

"మరి మెట్లు సగంలోనే ఆగిపోయాయే?"

"గూళ్ల దొంగలు పైకెక్కకుండా."

"దొంగలేం ఖర్మ, నిచ్చెన లేకపోతే మేమూ ఎక్కలేం," అంది మస్నా.

"నువ్వు కాస్త ఊరుకుంటావా?" పళ్లు నూరాడు రుస్దీ.

ఇంతలో సంజ వాలింది. చూరు కిందున్న కన్నంలోంచి పిట్టలు బిలబిలమంటూ లోపలికి దూసుకొచ్చాయి. హాజీ టోపీ మీద టప్పున రెట్ట పడింది. ఆయన దాన్ని తుడుచుకోనైనా లేదు, ఆనందం పట్టలేక రుస్దీ చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

"అల్హమ్దులిల్లా! నోరులేని పిట్టల మనసే ఇంతగా ఎరిగినవాడివి, మనుషుల మనసు నీకో లెక్కా? పిట్టల మేడా నువ్వే కట్టాలి, దాని పక్కన మా అబ్బాయి కాపురానికి ఇల్లూ నువ్వే కట్టాలి. కొత్త కోడలు వస్తోంది!"

రుస్దీ ముఖం వెలిగిపోయింది. మస్నా మాత్రం మోకాలు నొక్కుకుంటూ హాజీ వైపు జాలిగా చూసింది.

"ఇది మా కాపురానికి కట్టిన ఇల్లే హాజీగారూ."