ఆదివారం ఉదాహరణ

"ఇవాళ ప్రసంగంలో మా ఆవిడ మాట ఎత్తొద్దండి అయ్యగారూ" అన్నాడు ఎలీషా, చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూనే.

అతని భుజం మీద వెయ్యబోయిన చేతిని పాస్టరు కృపానందంగారు మధ్యలోనే ఆపేశారు. భార్య క్రిస్టినా పోయాక ఎలీషా ఆరాధనకు రావడం ఇదే మొదలు.

"మంచి మాటేనండి ఎలీషాగారూ. చిన్నది."

"మంచిదైనా వద్దండి."

"ఒక్క ఉదాహరణ..."

"ఆ ఉదాహరణే వద్దంటున్నాను."

పాస్టరుగారు చేతిలో ఉన్న బైబిలు వంక చూసుకున్నారు. "సరే, మీ ఇష్టం" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఉదాహరణలకు ఆయన పెట్టింది పేరు. తడి గరిటె ఒక్కసారి ముంచితే జాడీడు ఆవకాయా బూజు పడుతుంది, అబద్ధమూ అంతే అనేవారు. పైనుంచి చెంబెడు నీళ్ళు పోస్తేగాని బోరింగు నీళ్ళు ఎత్తదు, మనిషి మాత్రం ముందు దయ అందకుండా దయ ఎక్కణ్ణించి తెస్తాడు అనేవారు. కంకిపాడు ఆడవాళ్ళు ఆ మాటల్ని కూరలో ఉప్పులా ఇంటికి పట్టుకుపోయేవారు.

ఎలీషాకు మాత్రం అవంటే హడలు. జేబులో తాళంచెవి పెట్టుకుని, తలుపు తియ్యమని వీధి వీధంతా అదిరేలా అరిచిన పెద్దమనిషి సంగతి ఒక ఆదివారం ప్రసంగంలో వచ్చింది. అయ్యగారు పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, అందరూ ఇటే తిరిగారు. పక్కన కూర్చున్న క్రిస్టినా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కబురు మోసింది పక్కింటి జాన్‌బాబేనని, ఆ రోజు నుంచి ఎలీషా అతనితో మాటలు మానేశాడు.

ఇవాళ్టి భయం వేరు. విజయవాడ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులోకి రాత్రిపూట మగవాళ్ళను రానివ్వరు. ఎలీషా రోజూ తలుపు బయట ఇనుప కుర్చీలో కూర్చునేవాడు. ఆఖరి రాత్రి ఎలాగైనా మేలుకుని ఉండాలనుకున్నాడు. నర్సు కుదిపి లేపేసరికి అంతా అయిపోయింది. యేసుప్రభువు తోటలో వేదన పడుతుంటే, కాస్త దూరంలో శిష్యులు నిద్రపోయారు. ఆ కథ ఎలీషాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయ్యగారికి అంతకంటే బాగా తెలుసు. అటు శిష్యులు, ఇటు తను. అంత చక్కగా అమరిన ఉదాహరణను ఏ పాస్టరైనా ఎందుకు వదులుకుంటాడు?

ప్రసంగం మొదలైంది. పౌలు చేసిన ప్రయాణాల గురించి చెప్పారు అయ్యగారు. ఊరి తర్వాత ఊరు వచ్చింది, ఓడ తర్వాత ఓడ వచ్చింది. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆగి, నోరు తెరిచి, ఎలీషా వైపు చూసి, మళ్ళీ ఓడెక్కారు.

"అయ్యగారికి ఒంట్లో బాలేదేమోనే" అంది ముందు వరుసలో బుల్లెమ్మ, పక్కావిడ చెవిలో.

"బానే ఉన్నారు. మనకే బాలేదు" అంది ఆవిడ ఆవులిస్తూ.

ఎలీషాకు ఊరట కలగాలి. కలగలేదు. అంతసేపూ ఎవరి నోటా క్రిస్టినా పేరు వినపడకపోయేసరికి, ఇంట్లో లాగే ఇక్కడా ఆవిడ లేకుండా పోయిందనిపించింది. వద్దన్నది తనే.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు.

"మా ఆవిడ మాట వద్దన్నాను గానీ, అసలు ఉదాహరణలే చెప్పొద్దన్లేదు కదండీ."

"నా దగ్గర లేవండి."

"మీ దగ్గర లేకపోవడమేంటండీ. చీమ పాకితే ప్రసంగం చేస్తారు మీరు."

"చీమను చూసింది నేను కాదండీ" అన్నారు పాస్టరుగారు, బల్ల మీద గుడ్డ సర్దుతూ. "శనివారం చర్చి ఊడవడానికి వచ్చేది కదా చెల్లెమ్మ. పని అయ్యాక చీపురు మూలన పెట్టి, 'ఈ వారం మా ఇంట్లో ఏం జరిగిందంటే అయ్యగారూ' అని మొదలెట్టేది. ఆవకాయ ఆవిడదే. బోరింగూ ఆవిడదే. దానికి తగ్గ వచనం వెతుక్కోవడం ఒక్కటే నా పని."

ఎలీషా మూలనున్న చీపురు వంక చూశాడు.

"తాళంచెవి?" అన్నాడు.

"అదీనండి. పేరు మాత్రం చెప్పొద్దంది."

"పాపం, జాన్‌బాబు" అన్నాడు ఎలీషా.

"ఇవాళ చెబుదామనుకున్నదీ ఆవిడదేనండి. ఆసుపత్రికి ప్రార్థన చెయ్యడానికి వచ్చాను చూడండి, ఆ సాయంత్రం చెప్పింది. ఆఖరిది. మీరు మందులకని కిందికి వెళ్ళారు."

ఎలీషా బల్ల అంచు పట్టుకున్నాడు.

"నా గురించేనా?"

"మీ గురించే."

"నేను నిద్రపోవడం గురించా?"

పాస్టరుగారు కాస్త తటపటాయించి, అవునన్నట్టు తలూపారు.

ఎలీషా తల దించుకున్నాడు. "చెప్పండి. ఎవరూ లేరు కదా, ఇప్పుడు చెప్పెయ్యండి."

పాస్టరుగారు ఆవిడ అన్న మాటల్ని అన్నట్టే చెప్పారు:

"దేవుడు కునుకడు, నిద్రపోడు అంటారు కదా అయ్యగారూ. మా ఆయన కునుకుతాడు, తలుపవతల గురక కూడా పెడతాడు. రాత్రి మెలకువ వచ్చి భయమేసినప్పుడల్లా ఆ గురక వింటాను. నన్నొదిలి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాడనుకుని మళ్ళీ హాయిగా నిద్రపోతాను."